బండి ఇచ్చే అన్నలకు, బండి అడిగే తమ్ముళ్ళకు



పోస్ట్ కొంచెం పొడుగుంది. బండి ఉన్నోళ్ళు, లేనోళ్ళు ఇద్దరూ చదవాలని రాస్తున్న. ఓపికగ చదవండి.

మన గ్రూపుల నెలకు ఒక్కసారన్న ఒక ఫొటో వస్తది. కాలికి కట్టు, పక్కన ముందు చక్రం వంకర పోయిన బండి. కింద అందరం "తొందరగ కోలుకో తమ్మి" అని రాస్తం. ఇద్దరు ముగ్గురు పెద్దోళ్ళు "మెల్లగ నడుపుర్రి" అంటరు. వచ్చే నెల ఇంకో ఫొటో. ఆ ఫొటోలల్ల నేను గమనించింది ఒక్కటే. బండి చాలాసార్లు నడిపినోనిది కాదు. మామది, బావది, రూమ్మేట్‌ది, ఊళ్ళె సార్‌ది. నడిపినోడు కూడ ఏండ్లసంది నడుపుతున్నోడు కాదు, మొన్న మొన్న గేర్లు నేర్చుకున్నోడు.

దీనికి "మెల్లగ నడుపు" అనే మాట ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. కొత్తోనికి బండి ఇచ్చే పద్ధతినే మనం మార్చుకోవాలె. తాళంచెవి ఇస్తే సాయం చేసినట్టే అనుకుంటున్నం. నేర్పకుండ ఇచ్చిన తాళంచెవితోని సాయం కాదు, ఆపతి ఇచ్చినట్టయితది.

అడగొద్దంటే అయితదా?

"వేరేటోళ్ళ బండి ముట్టొద్దు" అని చెప్పుడు అల్కనే. కానీ మన పరిస్థితి చూడండి. నేను కరీంనగర్‌ల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటోన్ని నేనే. మా ఇంట్ల బండి లేదు. మా గూడెంల బండ్లున్న ఇండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉట్నూర్, నార్నూర్, జైనూర్, కెరమెరి దిక్కు లోపటి గూడేలకు రోజుకు ఒకటో రెండో బస్సులు వస్తయి, కొన్నిటికి అదీ లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్ళకు ఆర్టీసీ బస్సుల టికెట్ లేదు, మంచిదే. బస్సే రాని ఊరికి ఉచిత టికెట్ ఏం చేస్తది?

అందుకే రేషన్ బియ్యానికి, దవాఖానకు, మీసేవకు, జాతరకు, పెండ్లికి అన్నిటికీ బండి అడుగుడే. ఇంకోటి, మనది ఇచ్చిపుచ్చుకునే సమాజం. ఊళ్ళె ఉన్నది ఊరందరిది అన్నట్టు పెరిగినం. బండి ఉన్నోడు "ఇయ్య" అంటే అది బండి గురించి అన్న మాట కాదు, బంధుత్వం గురించి అన్నట్టు అయితది. అందుకే మనసుల భయం ఉన్నా ఇచ్చేస్తరు. "గేర్లు వస్తయా?" అంటే "వస్తయి అన్న" అంటడు. అంతే, పరీక్ష అయిపోయింది.

నేను ఇవ్వొద్దు అంటలేను. మన తాతలు ఎట్ల ఇచ్చేటోళ్ళో అట్ల ఇవ్వాలె అంటున్న.

పొలాల అమావాస్యకు మనం ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఊరంత తిప్పి మొక్కుతం. అసొంటి ఎడ్లను ఎవరన్న దున్ననీకె అడిగితే మన పెద్దోళ్ళు ఇచ్చేటోళ్ళు, ఇప్పటికీ ఇస్తరు. కానీ ఎన్నడూ అరక పట్టని పిల్లగానికి జత అప్పజెప్పి ఇంటికి పోయినోన్ని మీరు చూసిన్రా? మొదటిరోజు ఎడ్లాయన వెంట పోతడు. "ఎలపటిది జర బెదురుతది, దాపటిది మొండిది, మలుపు కాడ గట్టిగ అదలియ్యకు" అని చెప్తడు. నాలుగు సాళ్ళు తను దున్ని చూపిస్తడు, నాలుగు సాళ్ళు పిల్లగానితోని దున్నిపిస్తడు. అప్పుడు ఇడిచిపెడతడు. ఎడ్లకు ఉన్న పద్ధతి బండికి ఎందుకు లేకపాయె?

కొత్తోడు ఎందుకు పడతడు

"స్పీడ్" అని ఒక్క మాటల తేల్చేస్తం. అది సగమే నిజం. కొత్తోళ్ళు మెల్లగ పోతుండి కూడ పడతరు. అడిగి తెచ్చిన బండి మీద ఎక్కువ పడనీకె కారణాలున్నయి.

మొదటిది క్లచ్. కొత్తోడు భయంతోని క్లచ్ ఒక్కసారి ఇడుస్తడు. బండి ముందుకు దుంకుతది, పెయ్యి ఎనుకకు పోతది. ఆపుకోనీకె చేతులు హ్యాండిల్‌ను గట్టిగ పట్టుకుంటయి. ఆ పట్టుల కుడిచెయ్యి ఎక్సలేటర్‌ను ఇంకింత తిప్పుతది. బండి ఇంకా జోరుగ పోతది. చూసేటోళ్ళు "బ్రేక్ కొట్టుమంటే రేస్ ఇచ్చిండు" అని నవ్వుతరు. వాడు ఇయ్యలేదు, వాని పెయ్యి ఇచ్చింది. ఏ బండికి క్లచ్ ఎక్కడ పట్టుతదో ఆ బండి రోజూ నడిపేటోనికే తెలుస్తది.

రెండోది గేర్లు. స్ప్లెండర్, హెచ్‌ఎఫ్ డీలక్స్ అసొంటి బండ్లకు ముందటికి తొక్కుకుంట పోతే గేర్లు పెరుగుతయి. పల్సర్, అపాచీ అసొంటివాటికి మొదటి గేర్ కిందికి, మిగిలినయి మీదికి ఎత్తాలె. కాక స్ప్లెండర్ మీద నేర్చుకున్నోడు దోస్త్ పల్సర్ తీసుకుంటడు. మూడో గేర్ల జోరుగ పోతుంటే నాలుగు వేద్దామని అలవాటుగ కిందికి తొక్కుతడు. పడేది రెండో గేర్. ఎనుక చక్రం పట్టేసినట్టయి బండి ఊగుతది. ఇసుకనో మొరమో ఉంటే అంతే సంగతి.

మూడోది ఎడమచెయ్యి. ఇది స్కూటీ నేర్చుకున్న అక్కచెల్లెళ్ళు కూడ చదవాలె. స్కూటీకి ఎడమచేతిది ఎనుక బ్రేక్. గేర్ల బండికి ఎడమచేతిది క్లచ్. స్కూటీ అలవాటున్నోళ్ళు గేర్ల బండి మీద గాబర పడితే ఎడమచెయ్యి గట్టిగ ఒత్తుతరు. బండి ఆగదు సరే కదా, ఇంజన్ పట్టు కూడ పోయి దిగుడుల ఇంకా జోరుగ జారుతది.

నాలుగోది బరువు. స్ప్లెండర్ 112 కిలోల దాక ఉంటది. బుల్లెట్ క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. మన ఇంటర్ పిల్లగాడు 45 కిలోలు. బండి పక్కకు ఒరిగినప్పుడు ఆపుదామని కాలు పెడతడు, బండి కాలి మీద పడతది. దీనికి తోడు ముగ్గురు ఎక్కుతరు. ఎనుక బరువు పెరిగితే ముందు చక్రం తేలికైతది, హ్యాండిల్ మాట ఇనదు.

ఐదోది బండి లోపాలు. "ముందు బ్రేక్ పట్టదు, ఎనుకది కొంచెం ముందే తొక్కాలె" అని బండాయనకు తెలుసు. రోజూ అట్లనే నడుపుతడు కాబట్టి అది లోపమని కూడ మర్చిపోయి ఉంటడు. తాళంచెవి ఇచ్చేటప్పుడు చెప్పడు. సైడ్ స్టాండ్ తీయకుండ పోతే పాత బండ్లు ఆగవు, ఎడమ దిక్కు మలిగేటప్పుడు స్టాండ్ రోడ్డుకు తాకి బండి ఎత్తేస్తది.

ఇగ మన రోడ్లు. ఆదిలాబాద్ దిక్కు పత్తి ఏరుడు మొదలైతే మాపటీలి లైట్లు లేని పత్తి బండ్లు, ట్రాక్టర్లు. కెరమెరి ఘాట్ల ఒక్కో మలుపు ఎదురొచ్చే బండిని కనిపియ్యనియ్యది. వానకాలం బర్లు, గొడ్లు పొడిగున్న తారు రోడ్డు మీదనే పండుకుంటయి. కరీంనగర్ దిక్కు వస్తే కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు, వాటి చుట్టూ రాళ్ళు, మీద నల్ల కవర్. రాత్రి అది రోడ్డు లెక్కనే కనిపిస్తది. మానేరు ఇసుక లారీలు, గ్రానైట్ లారీలు సరేసరి. గుడిహత్నూర్ కాడ గూడెం రోడ్డు మీదికెళ్ళి 44వ నంబర్ నేషనల్ హైవే ఎక్కుతం. గూడెం రోడ్డు మీద 30ల నడిపిన పిల్లగాడు అక్కడ 60ల పోతడు. 60ల పోతే ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతం. గొడ్డును చూసి, "బ్రేక్ ఏ దిక్కుంది" అని ఒక్క సెకను ఆలోచిస్తే 17 మీటర్లు అయిపోయినయి.

పడ్డంక ఎవరు కడతరు

ఇది చాలామందికి తెల్వదు, అందుకే కొంచెం వివరంగ రాస్తున్న.

లైసెన్స్ లేకుండ నడిపినోనికి మోటారు వాహనాల చట్టం 181 సెక్షన్. లైసెన్స్ లేనోనికి బండి ఇచ్చిన ఓనర్‌కు 180 సెక్షన్. 2019 సవరణ తర్వాత రెండిటికీ మూడు నెలల దాక జైలు, లేకపోతే 5,000 జరిమానా, లేకపోతే రెండూ. అంటే ఇచ్చినోడు కూడ ముద్దాయే.

నడిపినోనికి 18 నిండకపోతే ఇంకా కష్టం. 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రిని గానీ ఓనర్‌ను గానీ బాధ్యుణ్ణి చేస్తరు. మూడేండ్ల దాక జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లగానికి 25 ఏండ్లు వచ్చేదాక లైసెన్స్ రాదు. మన హాస్టళ్ళల్ల ఇంటర్ చదివే తమ్ముళ్ళు చాలామంది 16, 17 ఏండ్లోళ్ళే.

"ఇన్సూరెన్స్ ఉంది కదా" అంటరు. లైసెన్స్ లేనోడు ఎవరికన్న గుద్దితే, దెబ్బ తగిలినోళ్ళకు ముందుగాల బీమా కంపెనీ కట్టి, తర్వాత ఆ పైసలు బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చని 2004ల సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీ మామ పత్తి చేను మీద పడతది అది.

నడిపినోడే చచ్చిపోతే? 2009ల సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. కర్ణాటకల ఒకాయన వేరేటాయన హీరో హోండా అడిగి తీసుకొని సొంతూరికి పోతుండు. హైవే మీద ఇనుప రేకులతోని పోతున్న ఎడ్లబండి ఒక్కసారి ఆగింది. దానికి గుద్దుకొని పానం పోయింది. ఇంటోళ్ళు తప్పెవరిదని రుజువు చేయకుండనే పరిహారం దొరికే 163ఏ సెక్షన్ కింద అడిగిన్రు. బండి అడిగి తెచ్చుకున్నోడు ఓనర్ స్థానంల ఉన్నట్టే, బయటి మనిషి కాదు, కాబట్టి ఆ సెక్షన్ కింద బీమా కంపెనీ ఇయ్యక్కర లేదని కోర్టు చెప్పింది. పాలసీతోపాటు వచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడ లైసెన్స్ ఉన్న ఓనర్ కోసం ఉన్నదే. అడిగి తెచ్చిన బండి మీద పోయిన పానానికి మన ఇంటోళ్ళు ఎవర్ని అడగాలె?

ఎనుక కూసున్న దోస్త్ చనిపోతే నడిపినోని మీద కేసు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ల నిర్లక్ష్యంతోని పానం తీస్తే ఐదేండ్ల దాక శిక్ష ఉంది. మనోళ్ళల్ల సగంమంది కానిస్టేబుల్ కోసమో, ఆర్మీ కోసమో పొద్దుగాల లేచి ఉరుకుతున్నరు. కాల్ల రాడ్ పడ్డంక 1600 మీటర్లు ఉరుకుడు ఎట్ల? కేసు ఉంటే వెరిఫికేషన్ల ఏం చెప్పాలె? పెద్ద ఇండ్లల్ల పిల్లగాడు పడితే ఒక ఏడాది పోతది. మన ఇంట్ల పడితే చదువే పోతది. మళ్ళ ఆ ఇంటికెళ్ళి ఇంకొకడు కాలేజీకి రానీకె ఎన్నేండ్లు పడుతదో.

వీటన్నిటికంటే నాకు భయమయ్యేది దాచిపెట్టుడు. బండి ఇచ్చినోడు తిడతడని, రిపేర్‌కు పైసలు లేవని, ఇంట్ల తెలిస్తే చదువు మాన్పిస్తరని దెబ్బ చెప్పరు. ముందుగాల ఇండికేటర్, క్లచ్ లివర్ అతికిచ్చే పనిల ఉంటరు. తలకు తగిలిన దెబ్బ బయటికి రక్తం కనిపియ్యకున్న లోపట రక్తం గడ్డ కడుతది. కొన్ని గంటల తర్వాత కక్కుకుంటడు, మత్తు వస్తది, అప్పుడు గాబరైతం. బండికి గీత పడితే పటేల్ కాడ కూసోని తెంపుకోవచ్చు. తల లోపటి దెబ్బ అట్ల తెగదు.

"పడకుండ బండి రాదు" అనే మాట

ఇది మన దగ్గర సామెత లెక్క అయింది. సైకిల్‌కు అది నిజమే. సైకిల్ మీదికెళ్ళి పడితే మోకాలు చీరుకపోతది. 112 కిలోల ఇనుము మీద 50ల పోతూ పడేది వేరే లెక్క. ఈత నేర్చుకునుడు చిన్న కుంటల మొదలుపెడతం, ప్రాణహితల దుంకి కాదు.

కొంతమంది "రాసి పెట్టి ఉంటే ఏం చేస్తం" అంటరు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022ల దేశంల రోడ్డు ప్రమాదాలల్ల 1,68,491 మంది చనిపోయిన్రు. అందుల నూటికి 44 మంది టూవీలర్ మీదోళ్ళే. హెల్మెట్ లేక చనిపోయినోళ్ళు 50,029 మంది, అందుల 14,337 మంది ఎనుక కూసున్నోళ్ళు. ఇది తలరాత కాదు, తల మీద ఏం లేకపోవుడు. హెల్మెట్ సరిగ్గ పెట్టుకుంటే చావు ముప్పు దాదాపు 40 శాతం, తలకు పెద్ద దెబ్బ తగిలే ముప్పు దాదాపు 70 శాతం తగ్గుతదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2021 సెప్టెంబర్ 10న సినిమా హీరో సాయిధరమ్ తేజ్ హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి కాడ ఇసుక మీద జారి పడ్డడు. బండి నడుపుడు వచ్చినోడు, సిటీ రోడ్డు, దగ్గర్ల పెద్ద దవాఖాన. అయినా నెల పైన దవాఖానల ఉన్నడు. హెల్మెట్ ఉంది కాబట్టే బతికిన అని ఆయననే చెప్తడు. మన గూడెంకెళ్ళి ఆదిలాబాద్ రిమ్స్‌కు ఎంతసేపో లెక్క పెట్టుకోండి.

మనం చెయ్యగలిగేది

బండి ఉన్న అన్నలకు నాలుగు మాటలు.

ఒకటి, తాళంచెవి ఒక్కటే ఇవ్వకండి, వారం రోజులు పొద్దుగాల అర్ధగంట మీరు ఇవ్వండి. స్కూల్ గ్రౌండ్ గానీ, కోసిన చేను గానీ చాలు. మొదటిరోజు ఇంజన్ బంద్ పెట్టి బండిని నూకుకుంట బ్రేక్ పట్టి ఆపుడు. రెండోరోజు ఎక్సలేటర్ ముట్టకుండ క్లచ్ మెల్లగ ఇడిచి బండి కదిలేది చూసుకునుడు. తర్వాత రెండు బ్రేకులు కలిపి ఆపుడు, మెల్లగ మలుపుడు, ఆఖరుకు గేర్లు. ఆపుడు వచ్చినంకనే ఉరికిచ్చుడు నేర్పాలె. మనం ఉల్టా చేస్తున్నం.

రెండు, గ్రౌండ్ దాటాలంటే ఎల్‌ఎల్‌ఆర్ ఉండాలె. గేర్ల బండికి 18 నిండాలె. అది ఆరు నెలలు నడుస్తది, 30 రోజులు అయినంక పర్మనెంట్ లైసెన్స్‌కు పోవచ్చు. ముందు ఎనుక ఎర్ర "ఎల్" అక్షరం పెట్టాలె. ఎల్‌ఎల్‌ఆర్ మీద ఉన్నోడు లైసెన్స్ ఉండి నేర్పేటోన్ని తప్ప ఎవర్నీ ఎనుక ఎక్కిచ్చుకోవద్దు. దోస్త్‌తోని సినిమాకు పోవుడు లైసెన్స్ వచ్చినంక.

మూడు, తాళంచెవితోపాటు హెల్మెట్ ఇవ్వండి. హెల్మెట్ ఇయ్యలేకపోతే బండి కూడ ఇయ్యకండి. ఇచ్చేటప్పుడు గేర్లు ఎటు, బ్రేక్ ఎట్ల, ఏది ఖరాబుంది, మూడు మాటలు చెప్పండి. రాత్రిపూట, తాగి ఉన్నప్పుడు, దండారి రోజులల్ల, జాతరల కొత్తోనికి ఇయ్యకండి. "నీ మీద ప్రేమ లేక కాదు తమ్మి, రా, నేనే దింపొస్త" అంటే బంధుత్వం ఏం తెగదు.

నాలుగు, పడితే తిట్టకండి. "బండి సంగతి తర్వాత, నీకేమైంది" అని ముందుగాల అడగండి. ఆ ఒక్క మాటకు పిల్లగాడు దెబ్బ దాచిపెట్టడు.

తమ్ముళ్ళకు: రాకపోతే రాదు అని చెప్పుండ్రి. "గేర్లు వస్తయా" అంటే "గ్రౌండ్‌ల వస్తయి, రోడ్డు మీద ఇంకా రాలే" అనుడు సిగ్గు కాదు. చెల్లెళ్ళకు: మీకు ఎవ్వరూ నేర్పరు, ఎనుక కూసోబెడతరు, హెల్మెట్ ఉండది. నేర్పుమని అడగండి. ఎనుక కూసుంటే రెండో హెల్మెట్ అడగండి, అది చట్టంలనే ఉంది.

రోడ్డు మీద ఎవరన్న పడి ఉంటే భయపడకండి. 108కు ఫోన్ కొట్టండి. మెడ కదిలియ్యకుండ చూడండి. సాయం చేసినోన్ని కేసుల ఇరికియ్యొద్దని, పేరు చెప్పుమని బలవంతం చెయ్యొద్దని చట్టం చెప్తది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంల దెబ్బ తగిలినోళ్ళకు ఎంపిక చేసిన దవాఖానలల్ల ఏడు రోజుల దాక 1.5 లక్షల వరకు పైసలు లేకుండ వైద్యం చేసే కేంద్ర పథకం ఉంది. దవాఖానల ఈ మాట అడగండి.

సంఘం తరఫున ఒక్కటి అడుగుదాం. ఉట్నూర్ ఐటీడీఏ పరిధిల యువజన శిక్షణ కేంద్రాలున్నయి, హాస్టళ్ళున్నయి, వాటికి గ్రౌండ్లున్నయి. ఏడాదికి రెండుసార్లు అక్కడనే ఎల్‌ఎల్‌ఆర్ క్యాంప్, వారం రోజుల నేర్పుడు పెట్టుమని కాయితం రాద్దాం. స్లాట్ బుక్ చేసుకొని, బస్సు మారుకుంట ఆఫీస్ చుట్టు తిరిగే పైసలు, టైమ్ మన పిల్లలకు లేవు. లైసెన్స్ లేదని జరిమానా వేసే సర్కార్, లైసెన్స్‌ను గూడెం దాక తెస్తే తప్పేం లేదు.

అది వచ్చేదాక ఆగుడు ఎందుకు? ఈసారి పండుగకు ఊరికి పోయినప్పుడు, గూడెంకు ఇద్దరు, లైసెన్స్ ఉన్న అన్నలు ముందుకు రండి. పొద్దుగాల ఒక గంట, ఒక బండి, ఒక హెల్మెట్, ఒక కోసిన చేను చాలు. ఎవరు వస్తరో పేరు, ఊరు కింద రాయండి. మా గూడెంకు లైసెన్స్ ఉన్న ఇద్దర్ని నేను అడిగి ఒప్పిస్త.

జై సేవా.